గాలి లెక్క కంటితో తేలదు

విదేశాల్లో మనవాళ్లు చాలామంది చేసేది కన్‌స్ట్రక్షన్ పనే. దుబాయ్ అయినా, దోహా అయినా, ఇక్కడి యాంగోన్ అయినా హెల్మెట్ పెట్టుకున్నావా, బెల్టు కట్టుకున్నావా అని అడిగేవాళ్లు ఉంటారు. గాలి ఎంత వేగంతో వీస్తోందని అడిగేవాళ్లే తక్కువ. "ఆ, మామూలు గాలేలే" అంటాడు ఫోర్‌మన్. హుక్ పైకి లేస్తుంది. ఈ 'మామూలు'కు కొలత ఏది? ఎత్తులో పని జరిగే ప్రతి సైట్‌లో గాలి మీటరు ఉండాలి. దాని అంకె చూసి పని ఆపాలి. ఆగిన గంటలకు కూలీ కోయకూడదు. నేను చెప్పదలచుకున్నది ఈ మూడే.

ముందు లెక్క చూద్దాం. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మన ఐ.ఎస్. 875 కోడ్ సూత్రం ప్రకారం సెకనుకు 10 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 6 కిలోల బరువుతో తోస్తుంది. అదే 20 మీటర్లయితే 24 కిలోలు దాటుతుంది. ఆరు చదరపు మీటర్ల సెంట్రింగ్ ప్యానెల్ క్రేన్‌కు వేలాడుతోందనుకోండి. మొదటి గాలికి 36 కిలోల తోపు, రెండోదానికి దాదాపు 150 కిలోలు. కింద తాడు పట్టుకున్న ఇద్దరు మనుషులు దాన్ని ఆపగలరా?

అమెరికాలోని మిల్వాకీలో 1999 జులై 14న స్టేడియం పైకప్పు ముక్కను ఎత్తుతూ 'బిగ్ బ్లూ' అనే భారీ క్రేన్ కూలిపోయింది. ముగ్గురు కార్మికులు చనిపోయారు. క్రేన్ మీద పడే గాలిని లెక్కలోకి తీసుకున్నారు గానీ, ఎత్తుతున్న పైకప్పు ముక్క మీద పడే గాలిని వదిలేశారు. 2015 సెప్టెంబరు 11న మక్కాలో గాలివానకు క్రేన్ పడి వందమందికి పైగా పోయారు. అందులో మన దేశం నుంచి వెళ్లిన హజ్ యాత్రికులూ ఉన్నారు. పని లేనప్పుడు బూమ్ దించి ఉంచాలన్న తయారీదారు సూచన పాటించలేదని సౌదీ దర్యాప్తు చెప్పింది.

ఇక అంకెల తికమక. మన వాతావరణ శాఖ గాలిని గంటకు కిలోమీటర్లలో చెబుతుంది. మయన్మార్ శాఖ హెచ్చరికలు మైళ్లలో వస్తాయి. క్రేన్ మాన్యువల్‌లో చాలాసార్లు సెకనుకు మీటర్లు ఉంటాయి. ఓడరేవుల్లో నాట్లు. ఎవరో వచ్చి "గాలి 20" అంటే ఏమనుకోవాలి? 20 మైళ్లంటే 32 కిలోమీటర్లు, 20 నాట్లంటే 37, సెకనుకు 20 మీటర్లంటే ఏకంగా 72. చాలా టవర్ క్రేన్లకు పని చేయదగ్గ ఆఖరి హద్దు ఆ 72 కిలోమీటర్లే. వెడల్పాటి ప్యానెళ్లు, రేకులు ఎత్తేటప్పుడు అంతకంటే చాలా ముందే ఆపాలి. కాబట్టి అంకెతోపాటు యూనిట్ కూడా అడగాలి.

మీటరు ఎక్కడ పెట్టారన్నది ఇంకో సంగతి. పారాగ్లైడర్లు ఎగరేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. హిమాచల్‌లోని బీర్-బిల్లింగ్‌లో 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు కూడా జరిగాయి. ఆ రెక్క గాలిలో గంటకు 36 కిలోమీటర్లతో పోతున్నా, ఎదురుగాలి కూడా అంతే ఉంటే జి.పి.ఎస్. సున్నా చూపిస్తుంది. జి.పి.ఎస్. చెప్పేది నేల మీద వేగం, గాలిలో వేగం కాదు. అందుకే వేరే మీటరు వాడతారు. మనిషి ఒంటికి తగిలి చెదిరిన గాలి దాని మీద పడితే అంకె తప్పు వస్తుంది. కాబట్టి దాన్ని శుభ్రమైన గాలి తగిలేచోట వేలాడదీస్తారు. సరదాకి ఎగిరేవాళ్లకే ఇంత జాగ్రత్త ఉంటే, పొట్టకూటికి పైకెక్కే మనకెంత ఉండాలి?

నేనుండే సంచౌంగ్ ఇరుకు వీధుల్లో కింద ఆకు కూడా కదలదు. పన్నెండో అంతస్తు మీద చొక్కా ఎగిరిపోతుంది. కింద ఆఫీసు గుమ్మం దగ్గర చేత్తో పట్టుకున్న మీటరు పైనున్నవాడి ప్రాణానికి పూచీ కాదు. మీటరు క్రేన్ తల మీద, అడ్డులేని చోట ఉండాలి. డ్యూటీ అయ్యాక జిబ్ గాలివాటుకు తిరిగేలా బ్రేకు వదిలేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఈదురుగాలి నిమిషాల్లో ముంచుకొస్తుంది. 2008 మే నెలలో నర్గీస్ తుపాను ఈ ఊరి మహావృక్షాలనే వేళ్లతో పెకలించింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అసలు చిక్కు డబ్బు దగ్గరుంది. మీటరు ఖరీదు పెద్దదేం కాదు. కానీ పని ఆగితే కూలీకి ఆ గంటలు పోతాయి, సూపర్‌వైజర్‌కు ప్రోగ్రెస్ రిపోర్టులో మాట పడుతుంది. అప్పుడు మీటరు ఎర్రలైటు చూపించినా ఎవరి కళ్లకీ కనిపించదు. ఒకప్పుడు మేస్త్రీ చేతికింద రంగూన్ వచ్చి రేవుల్లో, రైసుమిల్లుల్లో పనిచేసిన మన 'కోరంగీ'ల బతుకు మేస్త్రీ చెప్పిన లెక్కే. మనకు కాగితం మీద కాంట్రాక్టు ఉంది. గాలికి ఆగిన గంటలు పనిగంటలేనని అందులో ఒక్క లైను రాయించుకోవడం గొంతెమ్మ కోరికేం కాదు.

రేపు పైకెక్కేముందు ఒక్క మాట అడగండి: "అన్నా, పైన గాలి ఎంతుంది? మీటరు చూశావా?" నలుగురు అడిగితే అది గొడవ. నలభైమంది రోజూ అడిగితే అదే సైట్ రూలు. ఇంటి దగ్గర మనవాళ్లు ఎదురుచూసేది డబ్బు కోసం ఒక్కటే కాదు, మనకోసం కూడా.

- ఒక సైట్ సూపర్‌వైజర్, సంచౌంగ్, యాంగోన్