బల్బు మార్చారు సరే, తీగ సంగతి?

సూరత్ నగరంలోని గోడాదరాలో రాత్రిపూట రోడ్డు మీద కాసేపు నిలబడితే రెండు రకాల హెడ్‌లైట్లు కనిపిస్తాయి. కొన్ని ఎదుటివారి కళ్లు బైర్లు కమ్మేంత తెల్లగా ఉంటాయి. మరికొన్ని పసుపుపచ్చగా, గుంత వచ్చినప్పుడల్లా మిణుకుమంటూ పోతుంటాయి. విచిత్రమేమిటంటే, ఈ రెండో రకంలోనూ ఎక్కువ వాట్ల కొత్త బల్బు వేయించుకున్న బండ్లు ఉంటాయి. యజమాని బల్బును తిడతాడు. మెకానిక్కు మరో బల్బు అమ్ముతాడు. దోషం మాత్రం ఆ రెండింటి వెనకాల, నల్ల టేపు చుట్టిన జాయింటులో దాక్కుని ఉంటుంది.

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు గోడాదరా, లింబాయత్ ప్రాంతాలలో ఎన్నో ఉన్నాయి. మగ్గాలకు పన్నెండు గంటల షిఫ్టులు. రాత్రి డ్యూటీకి బైకు మీద వెళ్లేవారు, మగ్గం దిగిన గుడ్డను పాండేసరా అద్దకం మిల్లులకూ రింగ్ రోడ్డు మార్కెట్లకూ చేరవేసే టెంపోవాళ్లు చీకట్లో తిరగక తప్పదు. వెలుగు ఎక్కువ కావాలని వారు కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ వెలుగును అమ్మే పద్ధతిలోనే తప్పుంది.

లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. మన దేశంలో చాలా బైకులకు కంపెనీ ఇచ్చేది 35 వాట్ల బల్బు. 12 వోల్టుల దగ్గర అది సుమారు 2.9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దాని స్థానంలో కాస్త సర్దుబాటు చేసి 100 వాట్ల బల్బు పెడితే కరెంటు 8.3 ఆంపియర్లకు చేరుతుంది, అంటే దాదాపు మూడు రెట్లు. కానీ తీగలో, జాయింటులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది ఎనిమిది రెట్లు దాటుతుంది. తీగ పాతదే, స్విచ్చు పాతదే, కనెక్టరూ పాతదే.

మెలిపెట్టి టేపు చుట్టిన ఒక జాయింటు నిరోధం 0.1 ఓమ్ అనుకుందాం. పాత బల్బుతో అక్కడ పుట్టే వేడి ఒక వాటు కూడా ఉండదు. కొత్త బల్బుతో దాదాపు 7 వాట్లు. చిన్న సంఖ్యే, కానీ సోల్డరింగ్‌కు వాడే మామూలు ఐరన్ 25 వాట్లదే. శనగగింజంత చోట, గాలాడని టేపు కింద, గంటల తరబడి 7 వాట్లు పుడుతుంటే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఎంతకాలం తట్టుకుంటుంది? వేడికి రాగి మీద ఆక్సైడు పొర పెరుగుతుంది. పొర పెరిగితే నిరోధం, నిరోధం పెరిగితే మళ్లీ వేడి. సముద్రపు తేమ, వానాకాలపు నీళ్లు ఈ చక్రాన్ని ఇంకా తొందరపెడతాయి. మొదట వెలుగు తగ్గుతుంది, తర్వాత హోల్డర్ గోధుమరంగుకు తిరుగుతుంది. కొన్ని బండ్లలో కథ మంటలదాకా పోతుంది.

వెలుగు తగ్గడమూ చిన్న విషయం కాదు. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా కాక, అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా పడిపోతుంది. 12 వోల్టులు అందాల్సిన చోట 10.8 మాత్రమే అందితే, అంటే పదిశాతం తగ్గితే, వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. డబ్బు పెట్టి కొన్న వాట్లు దారిలో తీగను కాచడానికి ఖర్చయిపోతున్నాయన్నమాట.

ఇటువంటి బండి రిపేరుకు వచ్చినప్పుడు దుకాణాలలో సాధారణంగా జరిగేది జాయింటు విప్పి మళ్లీ మెలిపెట్టి కొత్త టేపు చుట్టడం. ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్దది వేయడం, మరీ ఘోరంగా రాగి పోగు చుట్టడం కూడా ఉంది. ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. దాన్ని పెద్దది చేస్తే ఇక తీగే ఫ్యూజవుతుంది.

సరైన రిపేరు కొలతతో మొదలవుతుంది. కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. ఇంజను నడుస్తూ లైటు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు వెనక ఒకసారి వోల్టేజీ చూడాలి. తేడా అర వోల్టు దాటితే దారిలో దొంగ ఉన్నాడు. తర్వాత బల్బు ఎర్త్ కాలికీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య చూడాలి. అక్కడ సున్నాకు దగ్గరగా రావాలి. ఎర్త్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఇండికేటర్ వేసినప్పుడల్లా హెడ్‌లైటు కూడా దానితో పాటు మినుక్కుమంటే, ముందుగా అనుమానించాల్సింది పెయింటు మీద బిగించిన ఎర్త్ స్క్రూనే.

దోషం దొరికాక ఉత్తమమైన పని చాలాసార్లు అదనంగా పెట్టినదంతా పీకేసి కంపెనీ వైరింగునూ కంపెనీ బల్బునూ తిరిగి పెట్టడం. బండి బయటి మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఎలాగూ హద్దులు గీసింది. చిన్న బైకు మాగ్నెటో ఇచ్చే కరెంటుకూ హద్దుంది, 100 వాట్లు ఒక్క లైటే మింగితే బ్యాటరీ నిండదు.

కారుకో టెంపోకో కంపెనీ చెప్పిన 55, 60 వాట్ల బల్బులు ఉండి కూడా వెలుగు చాలకపోతే మందు రిలే. బ్యాటరీ నుంచి తగినంత మందమున్న రాగి తీగ నేరుగా రిలేకు, అక్కడి నుంచి బల్బుకు వెళ్లాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. పాత స్విచ్చు రిలేను మేల్కొలపడానికి కావలసిన ఏ పావు ఆంపియరో మోస్తే చాలు. మార్కెట్లో చవకగా దొరికే తీగలలో రాగి పూత పూసిన అల్యూమినియం కూడా ఉంటుంది. గీకితే తెల్లగా కనబడుతుంది, దాన్ని పక్కన పెట్టాలి. జాయింటును క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి హీట్ ష్రింక్ తొడుగు వేయాలి. అయితే కొన్ని పాత బైకులలో హెడ్‌లైటుకు మాగ్నెటో నుంచి నేరుగా ఏసీ వస్తుంది. అక్కడ మామూలు డీసీ రిలే పనికిరాదు.

ఎల్‌ఈడీ బల్బు వేస్తే కరెంటు తగ్గుతుంది కదా అనే వాదన నిజమే. కానీ హాలోజన్ రిఫ్లెక్టరు ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందన్న లెక్కతో తయారైంది. ఎల్‌ఈడీ చిప్పులు ఆ చోట, ఆ ఆకారంలో లేకపోతే వెలుగు రోడ్డు వదిలి ఎదుటివాడి కళ్లలోకి పోతుంది.

ఇదంతా గంటన్నర పని. ఆ గంటన్నరకు డబ్బిచ్చేవారు లేరు, అసలు చిక్కు అదే. బల్బు డబ్బా మీద ధర అచ్చేసి ఉంటుంది, మంచి జాయింటు మీద ఉండదు. వాటేజీ చూసి డబ్బిచ్చే కొనుగోలుదారు తీగ మందం అడగడు. అతను అడగని పనిని మెకానిక్కు చేయడు. నింద ఒక్క మెకానిక్కు మీదే వేయడం అన్యాయం. మగ్గం మీద పడుగు పోగు తెగితే ముడి ఎలా పడిందో వేలితో తడిమి చూసే మనిషి, తన బండి తీగకు పడిన ముడిని టేపు విప్పి చూడమని ఎందుకు అడగడు? చదువులో ఓమ్ సూత్రం ఉన్నా అది పరీక్ష ప్రశ్నగానే మిగిలిపోయింది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. అక్కడి పై తరగతుల పిల్లల చేతికి ఒక మల్టీమీటరూ, ఒక పాత హెడ్‌లైటూ ఇచ్చి, వదులు జాయింటుతో ఒకసారి, గట్టి జాయింటుతో ఒకసారి కొలవమంటే ఆ పాఠం ఇళ్లదాకా నడిచి వస్తుంది.

2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలగడం తప్పనిసరి. అంటే ఆ టేపు జాయింటు ఇప్పుడు మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ కరెంటు మోస్తోంది.