తీరికవేళ: కెరటాలు దాటేదాకా తెడ్డే దిక్కు

తెడ్డు పడవకు, అంటే కయాకుకు, చిన్న బ్యాటరీ మోటారు బిగించుకొని మన డర్బన్ తీరాన చేపల వేటకు పోవటం మంచి కాలక్షేపమే. కాని మోటారు ఉన్నదిగదా అని ఒడ్డు నుంచే దాన్ని తిప్పబోయే యువకులకు నాలుగు మాటలు చెప్పటం అవసరమని మాకు తోచింది.

పడవలు దింపటానికి అనుమతి ఉన్న చోటుకు వెళ్ళి, ముందు 15 నిమిషాలు సముద్రాన్ని చూస్తూ కూర్చోవాలి. కెరటాలు గుంపులుగా వస్తాయి. పెద్దవి కొన్ని పోయాక నీరు కాసేపు నెమ్మదిస్తుంది. ఆ సందే మన దారి. 3 అడుగుల కెరటం సుమారు 4 అడుగుల లోతులో విరుగుతుంది. రెండు కెరటాల మధ్య అక్కడ నీరు ఇంకా తగ్గుతుంది. మోటారు రెక్క ఇసుకకు తగిలి ఆగిందంటే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను బోర్లా వెయ్యటానికి చిన్న కెరటం చాలు. అందుచేత మోటారు పైకెత్తి కట్టి, పడవ ముక్కును కెరటానికి ఎదురుగా ఉంచి, తెడ్డుతోనే దాటాలి. ఆఖరి నురుగు వెనకబడ్డాకే మోటారు దించాలి. ఇంజను ఆపే తాడు చేతికి, లైఫ్ జాకెట్ ఒంటికి ఉండవలసిందే.

రాక ఇంకా కష్టం. కెరటం వెనకనుంచి వస్తుంది. మోటారు ఎత్తేసి, ఒక కెరటాన్ని ముందుకు పోనిచ్చి, దాని వెనకే రావాలి. దిగాక పడవకూ ఒడ్డుకూ మధ్య నిలబడరాదు. ఒక ఘనమీటరు నీటి బరువు 1,000 కిలోలు. నీరు నిండిన పడవ కాళ్ళమీదికి వస్తే ఆపటం ఎవరి తరమూ కాదు.

ఇది మనవారికి కొత్త విద్య కాదు. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న ఇక్కడికి చేరింది. అప్పటికి మద్రాసుకు కట్టిన ఓడరేవు లేదు. దూరాన లంగరు వేసిన ఓడల దగ్గరికి జనాన్ని మసూలా పడవలు చేర్చేవి. వాటి పలకలకు మేకులుండవు, కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. కెరటం కొడితే వంగేవిగాని తేలిగ్గా పగిలేవి కావు. తెడ్లవారు సందు చూసి, ఒక్క ఊపున దాటించేవారు.

సందు దొరకని రోజున పడవను మళ్ళీ బండికెక్కించి ఇంటికి రండి. ఇంట్లోవాళ్ళు చేపలు తేలేదని ఒక పూట నవ్వుతారు, అంతే.