మోకాలు మార్పించుకునే ముందు...

తార్నాక చుట్టుపక్కల ఉండేవాళ్లకి పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడక అలవాటే. అలా నడిచే పెద్దవాళ్లలో మోకాలో, తుంటో మార్పించుకున్నవాళ్లూ ఉంటారు. లోపల పెట్టిన ఆ కీలు అడుగడుక్కీ రాసుకుంటూనే ఉంటుంది కదా, మరి అరిగిపోదా అని ఎప్పుడైనా ఆలోచించారా?

మీ నాన్‌స్టిక్ పెనం మీది టెఫ్లాన్ తెలుసుగా! ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు 1950ల చివర్లో తుంటి కీలుకి గిన్నెలాంటి భాగాన్ని దాంతోనే చేశారు, నున్నగా జారుతుంది కదా అని. కొద్ది ఏళ్లకే అది అరిగి పొడి రాలింది. ఎందరికో మళ్లీ ఆపరేషను తప్పలేదు. జారడం వేరు, అరక్కుండా నిలవడం వేరు మరి! 1962లో ఆయన దగ్గర పనిచేసే హ్యారీ క్రేవెన్, డాక్టరుగారు దండగన్నా వినకుండా, గట్టి రకం పాలిథిన్ ముక్కని అరుగుదల చూసే యంత్రానికి బిగించారు. మూడు వారాలు తిప్పినా టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా అరగలేదు. ఈనాటికీ చాలా కృత్రిమ కీళ్లలో లోహానికి ఎదురుగా ఉండేది ఆ జాతి ప్లాస్టిక్కే.

ఇప్పుడు ల్యాబుల్లో ముందుగా, తిరిగే బిళ్ల మీద చిన్న కడ్డీని బరువుతో అదిమి రాపిడి చూస్తారు. తర్వాత మొత్తం కీలునే యంత్రానికి బిగించి, సెకనుకి ఒకటి చొప్పున 50 లక్షల అడుగులు వేయిస్తారు. దాదాపు రెండు నెలల పని! తడికి నీళ్లు కాదు, దూడ రక్తం నుంచి తీసిన సీరం వాడతారు. మన కీళ్లలో ఉండే జిగురుకి అదే దగ్గర. మధ్యమధ్య కీలుని తీసి, కడిగి, ఆరబెట్టి తూస్తారు. తగ్గేది మిల్లీగ్రాముల్లోనే. కానీ ఒంట్లో ఏళ్ల తరబడి ఆ పొడి చేరితే చుట్టూ ఎముక కరిగి కీలు వదులవుతుంది.

అయితే ఆ యంత్రం వేసేది ముఖ్యంగా చదునైన నేల మీది నడక. అది ముగ్గు వేయదు, కత్తిపీట ముందు కూర్చోదు, బాసింపట్టు వేయదు! అందుకే అమ్మకో, అత్తగారికో ఆపరేషను అనుకుంటే మొహమాటపడకుండా డాక్టరుగారిని అడగండి: ఏ మెటీరియల్? కింద కూర్చోవచ్చా? ఎంతవరకు వంచొచ్చు? పూజ గదిలో పీట తీసి స్టూలు వేయడం, ఇంట్లో వెస్టర్న్ కమోడ్ పెట్టించడం ఆపరేషనుకి ముందే చూసుకోండి. ఇంప్లాంటు పెట్టెతో వచ్చే స్టిక్కర్లు అడిగి తీసుకుని డిశ్చార్జి కాగితాలతో పాటు బీరువాలో దాచండి. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ ఏ డాక్టరుకి చూపించాల్సొచ్చినా, లోపల ఏ కీలు ఉందో వాటితోనే తెలుస్తుంది.