లెక్క తగ్గిన కాచిన్

మెల్‌బోర్న్‌లో ఈనాడు ఏ రిచ్‌మండ్ అభిమానిని కదిలించినా ట్రెంట్ కాచిన్ గురించి ఒకటే పాట వినిపిస్తుంది: మూడు కప్పులు తెచ్చిన కెప్టెన్ అని. 2016 చివర్లో ఇదే జనం, ఇవే ట్రాముల్లో, ఇదే మనిషిని ఏమన్నారో ఈ ఊళ్ళో ఉంటున్న నాకు బాగా గుర్తుంది. ఆ తగవు తీరిపోయిందని అందరూ అనుకుంటున్నారు. తీరలేదని నా అభిప్రాయం. కప్పు వచ్చింది గనుక ఆగిపోయింది, అంతే. అందుకే ఆటగాడు రిటైరయ్యాక కూడా దాన్ని మళ్ళీ తవ్వుతున్నాను.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు. క్రికెట్ మైదానమంత కోలగా ఉండే నేల మీద (చాలాచోట్ల అది నిజంగా క్రికెట్ మైదానమే) ఒక్కో పక్షాన పద్ధెనిమిది మంది దిగుతారు. బంతి కూడా కోలగానే ఉంటుంది. నేలకు తగిలాక ఎటు దూకుతుందో పుట్టించిన బ్రహ్మకైనా తెలియదు. దాన్ని కాలితో తన్నవచ్చు, ఒక అరచేతిలో ఉంచుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించవచ్చు, విసరడం మాత్రం నిషిద్ధం. నాలుగు నిలువు స్తంభాల్లో నడిమి రెంటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒకటి. బంతి చేతిలో ఉన్నవాణ్ణి ఎదుటివాడు ఒడిసి పట్టి పడవేయవచ్చు. ఆఫ్‌సైడ్ అనే గీత లేదు కనుక ఎవడు ఎక్కడికైనా పోవచ్చు. అందుచేత మిడ్‌ఫీల్డర్ బతుకు పరుగుల బతుకు. బంతి ఎక్కడ ఆగి మళ్ళీ మొదలవుతుందో అక్కడల్లా అతను హాజరు కావాలి. ఒక ఆటలో పన్నెండు పదమూడు కిలోమీటర్లు పరుగెత్తడం వాళ్ళకు మామూలు సంగతి.

ఇంత గందరగోళంలో ఎవడు బాగా ఆడాడో సామాన్య ప్రేక్షకుడు తేల్చుకోవడం కష్టం. దానికొక సులువైన కొలత కనిపెట్టారు. తన్నినా గుద్దినా బంతి ఒకసారి చేతులు మారితే దాన్ని డిస్పోజల్ అంటారు. ముప్ఫై దాటితే ఆ మిడ్‌ఫీల్డర్ ఆ రోజు రాజు. ఇరవైకి దిగితే మర్నాడు ఆఫీసులో అతని ఫామ్ గురించి చర్చ. పన్నెండుకు పడితే అతన్ని ముందువరుసలోకి పంపాలా, రెండో జట్టులో ఆడించాలా అన్నదాకా వెళ్తుంది వ్యవహారం.

కాచిన్ ఈ కొలతకు తగ్గట్టే పెరిగినవాడు. 2007 డ్రాఫ్టులో రెండో పేరు అతనిది. 2011లోనూ 2012లోనూ రిచ్‌మండ్ జట్టులో ఉత్తమ ఆటగాడు. 2012లో అంపైర్లు ఆటకింతని వేసే ఓట్ల లెక్కలో ఇరవై ఆరు ఓట్లు తెచ్చుకుని బ్రౌన్‌లో పతకానికి అంగుళం దూరంలో ఆగిపోయాడు. ముప్ఫై ఓట్లతో దాన్ని అందుకున్నవాడు ఎస్సెండన్ కెప్టెన్ జోబ్ వాట్సన్. మరుసటి యేడు, అంటే ఇరవై రెండేళ్ళ పిల్లవాడిగా, కాచిన్ కెప్టెన్ అయ్యాడు. 1980 తరవాత కప్పు ముఖం చూడని క్లబ్బు అది. ఆ బరువు ఎంతటిదో క్రీడాభిమానం ఉన్న ఎవరికీ చెప్పనక్కరలేదు.

అక్కణ్ణుంచి మూడేళ్ళు వరుసగా ఒకే కథ నడిచింది. 2013లో ఎలిమినేషన్ ఫైనల్, ప్రత్యర్థి కార్ల్‌టన్, ఇరవై పాయింట్ల తేడాతో ఓటమి. (కార్ల్‌టన్ నిజానికి తొమ్మిదో స్థానంలో ఉండవలసిన జట్టు. ఎస్సెండన్‌ను బహిష్కరించడం వల్ల లోపలికి వచ్చింది. పుండు మీద కారం అంటే అదే.) 2014లో వరుసగా తొమ్మిది ఆటలు నెగ్గి ఎలాగో ఫైనల్స్‌కు చేరి, అడిలైడ్‌లో పోర్ట్ అడిలైడ్ చేతిలో యాభై ఏడు పాయింట్ల తేడాతో చిత్తయ్యారు. ఆ రోజు టాస్ నెగ్గిన కాచిన్ మొదటి పాదంలో గాలికి ఎదురుగా తన్నే వైపును ఎంచుకున్నాడు. ఆ నిర్ణయాన్ని అతని నెత్తిన ఏళ్ళ తరబడి మోపారు. 2015లో నార్త్ మెల్‌బోర్న్ తన ఆటగాడు బెన్ జేకబ్స్‌ను నీడలాగా అతని వెంట అంటించింది. ఆ రోజు కాచిన్ మైదానంలో ఉన్నాడో లేడో వెతుక్కోవలసి వచ్చింది. 2016లో జట్టు పదమూడో స్థానానికి దిగజారింది. ఆఖరి ఆటలో సిడ్నీ చేతిలో నూట పదమూడు పాయింట్ల తేడాతో ఓడింది.

ఆ శీతాకాలం గడిచాక వినవచ్చిన మాటలు నాకింకా చెవిలో ఉన్నాయి. బంతి చేతికొస్తే పక్కకే తన్నుతాడట, ముందుకు తన్నడట. లెక్కకు ముప్ఫై ఉంటాయి గానీ ఒక్కటీ ఎదుటివాడికి నొప్పి పుట్టించదట. పెద్ద ఆటల్లో మాయమవుతాడట. కెప్టెన్సీ తీసివేస్తే హాయిగా తన ఆట తాను ఆడుకుంటాడని దయగలవారి సలహా. అమ్ముకోవచ్చు కదా అని దయలేనివారిది. మా ఆఫీసులో ఒక పెద్దమనిషి ఉండేవాడు, మూడు తరాలుగా రిచ్‌మండ్ కుటుంబం. "మంచివాడే, కానీ మంచితనంతో బంతి రాదు" అని కాఫీ కప్పు బల్ల మీద కొట్టి మరీ చెప్పేవాడు.

విచిత్రమేమిటంటే ఈ మాటలు నడుస్తున్న రోజుల్లోనే, 2016 నవంబరులో, 2012 నాటి బ్రౌన్‌లో పతకం కాచిన్‌కు దక్కింది. ఎస్సెండన్ నిషిద్ధ పదార్థాల వ్యవహారంలో వాట్సన్ పతకాన్ని వదులుకోవలసి వచ్చింది. రెండో స్థానంలో సమానంగా నిలిచిన కాచిన్‌నూ, హాథార్న్ ఆటగాడు శామ్ మిచెల్‌నూ విజేతలుగా ప్రకటించారు. నాలుగేళ్ళ కిందటి ఫామ్‌కు కిరీటం, ఈ యేటి ఫామ్‌కు చీవాట్లు, రెండూ ఒకే మనిషికి ఒకే నెలలో అందాయి.

2017లో ఏం జరిగిందో లోకానికి తెలుసు. కోచ్ డేమియన్ హార్డ్‌విక్‌ను తీసివేయకుండా ఉంచారు. ముందువరుసలో జాక్ రీవోల్ట్ ఒక్కడినే పొడగరిగా నిలిపి, అతని చుట్టూ పొట్టి పిల్లల్ని చేర్చి, బంతి పోయిన మరుక్షణం ఎదుటివాడి మీద విరుచుకుపడే ఆట మొదలుపెట్టారు. ఆ ఆటలో కాచిన్ పాత్ర మారింది. బంతి అందుకుని హుందాగా తిరిగి తన్నే పని డస్టిన్ మార్టిన్‌కు పోయింది. దానికి ముందు జరిగే మురికి పని కాచిన్‌ది: కుప్పలోకి తల దూర్చడం, ఎదుటివాడి నడుము పట్టడం, వాడు తొందరపడి తప్పుగా తన్నేలా చేయడం. డిస్పోజళ్ళ లెక్క తగ్గింది, ట్యాకిళ్ళు పెరిగాయి. మార్టిన్ ముప్ఫై ఆరు ఓట్లతో, అప్పటికి ఎవరూ ఎరగని లెక్కతో, బ్రౌన్‌లో గెలుచుకున్నాడు. సెప్టెంబరు 30న లక్ష మంది పైచిలుకు జనం ముందు అడిలైడ్‌ను నలభై ఎనిమిది పాయింట్ల తేడాతో ఓడించి ముప్ఫై ఏడేళ్ళ కరువు తీర్చారు.

ఇక్కడొక సంగతి మరుగున పడింది. ఆ యేడు సగం గడిచేదాకా కాచిన్ ఫామ్ ఇంకా తగ్గిందనే జనం మాట్లాడారు. పేపర్లో అంకె చిన్నదయింది కాబట్టి. గడ్డి మీద జరుగుతున్నదేమిటో చూసినవారు కొద్దిమంది.

మన పల్లెల్లో చెడుగుడు ఆడినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. కూతకు వచ్చినవాడి చీలమండ ఒకడు పట్టుకుంటాడు. ఆ పట్టు అర క్షణం నిలిస్తే చాలు, మిగిలిన నలుగురూ మీద పడతారు. చప్పట్లు మీద పడ్డవాళ్ళకు. మోకాలి చిప్ప చెక్కుకుపోయేది కాలు పట్టినవాడికి. ఊరి పెద్దలు మాత్రం వాడి పేరు గుర్తు పెట్టుకుని మరుసటి సంక్రాంతికి ముందు వాణ్ణే పిలుస్తారు. డిస్పోజళ్ళ పట్టికలో కాలు పట్టినవాడికి గడి లేదు. ఆ పట్టికను తయారుచేసే లెక్కగాళ్ళు ఎదుటివాడి మీద తెచ్చిన ఒత్తిడిని కూడా లెక్క కడతారు గానీ, ట్రాములో తగవులాడుకునే మనం మొదటి గడి దాటి చదవం.

నా వాదాన్ని ఇక్కడికే ఆపితే కాచిన్ భక్తులకు సంతోషంగా ఉంటుంది. ఆపలేను. 2016 నాటి విమర్శకులు చూసినది అబద్ధమని నేననుకోను. అతని తన్నుళ్ళు పక్కలకు పోయిన మాట నిజం. 2015 ఫైనల్లో ఒక్క నీడగాణ్ణి తప్పించుకోలేకపోయిన మాటా నిజం. ఆ పెద్దమనిషి కళ్ళు సరిగానే పనిచేశాయి. తేడా వచ్చింది వైద్యంలో. రోగం ఆటగాడి గుండెలో ఉందని వాళ్ళ నిర్ణయం. అతనికి అప్పగించిన పనిలో ఉందని నాది. ఎదుటి జట్టు మొత్తం ఒక్కడినే కాపు కాస్తే చాలనిపించే ఏర్పాటులో ఎంతటివాడైనా పక్కకే తన్నుతాడు. మార్టిన్ మధ్యలోకి వచ్చి, డియన్ ప్రెస్టియా లాంటివారు తోడై, ఎదుటివాడికి ఎవణ్ణి కాపు కాయాలో తెలియని స్థితి ఏర్పడ్డాక అదే కాచిన్ వేరే మనిషిలా కనబడ్డాడు. కాళ్ళు అవే, చేతులు అవే.

కప్పు తరవాత మొదలైన రెండో పురాణం నాకు మొదటిదానికన్నా చిరాకు కలిగిస్తుంది. ఓడినప్పుడు అంతా అతని బలహీనత అన్నవారే, గెలిచాక అంతా అతని నాయకత్వం అన్నారు. ఆ యేడు రిచ్‌మండ్ ఆటగాళ్ళు ఒకరి ముందొకరు కూర్చుని తమ జీవితాల్లోని కష్టాలు చెప్పుకున్నారనీ, తన భయాల్ని దాచుకోని కెప్టెన్ వల్ల జట్టు ఒక్కటయిందనీ పుస్తకాలొచ్చాయి. జరిగే ఉంటుంది, మంచిదే. కానీ కష్టసుఖాలు చెప్పుకుని ఓడిన జట్ల గురించి ఎవరూ పుస్తకం రాయరు కదా! పక్కకు తన్నడం పిరికితనమని ఆనాడు ఎంత తొందరగా తేల్చారో, నాయకత్వమే కప్పు తెచ్చిందని ఈనాడు అంతే తొందరగా తేలుస్తున్నారు. రెండు తీర్పుల్లోనూ అతను కుప్పలో ఏం చేశాడన్న పరిశీలన లేదు.

ఈ కొత్త పాత్రలో ప్రమాదం లేకపోలేదు. అదే యేడు ప్రిలిమినరీ ఫైనల్ మొదటి పాదంలో బంతి కోసం దూసుకుపోయిన కాచిన్ భుజం గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ ఆటగాడు డిలన్ షీల్‌కు తగిలింది. తలకు దెబ్బ తగిలి షీల్ మళ్ళీ ఆడలేకపోయాడు. అప్పటికే ఆ యేడు రెండు జరిమానాలు పడి ఉన్నాయి గనుక మూడో తప్పని తేలితే కాచిన్ గ్రాండ్ ఫైనల్ ఆడేవాడు కాదు. బంతి కోసమే వెళ్ళాడని విచారణ సంఘం వదిలేసింది. మెల్‌బోర్న్ రెండుగా చీలి వారమంతా వాదించుకుంది. కెప్టెన్‌ను కుప్పలోకి పంపే పథకానికి ఆ భయం ఖరీదు. అభిమానులు ఆ ఖరీదును లెక్కలోకి తీసుకోకుండా పథకాన్ని మాత్రం మెచ్చుకుంటారు.

మనవాళ్ళకు ఈ తగవు కొత్తది కాదు. వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను ఎక్కడ ఆడించాలన్న చర్చతో హైదరాబాదు టీ దుకాణాలు ఎన్నేళ్ళు గడిపాయి! 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టాడు, అయినా అది అతని చోటు కాదన్నాం. 2001 మార్చిలో కోల్‌కతాలో మూడో స్థానంలో 281 కొట్టాడు, అదే అతని చోటన్నాం. తరవాత ఎక్కువ కాలం ఐదులోనో ఆరులోనో, ఒక్కోసారి బౌలర్ల పక్కన నిలబడి ఆడాడు. 2010లో మొహాలీలో నడుం నొప్పితో, ఇశాంత్ శర్మను తోడుగా పెట్టుకుని, ఒక్క వికెట్ తేడాతో ఆస్ట్రేలియా మీద గెలిపించినప్పుడు అతని పేరు పక్కన ఉన్న అంకె 73. టెస్టుల్లో పదిహేడు శతకాలేనా అని పెదవి విరిచేవారు ఆ 73ను ఏ గడిలో వేస్తారో నాకు తెలియాలి. 2003 ప్రపంచకప్పుకు అతన్ని పక్కన పెట్టిన బాధ హైదరాబాదీలకు ఇంకా పోలేదు, నాతో సహా. అయితే లక్ష్మణ్‌కు కాచిన్‌కు దొరికినది దొరకలేదు. కాచిన్ చేత పని మార్పించినవారు ఆ పనిలోనే అతన్ని ఏళ్ళ తరబడి ఉంచారు. లక్ష్మణ్‌ను అవసరమొచ్చినప్పుడల్లా జరిపారు.

2019లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ మీద ఎనభై తొమ్మిది పాయింట్ల తేడాతోనూ, 2020లో మహమ్మారి కారణంగా బ్రిస్బేన్‌లో రాత్రిపూట జరిగిన ఆటలో గీలాంగ్ మీద ముప్ఫై ఒక్క పాయింట్ల తేడాతోనూ రిచ్‌మండ్ మళ్ళీ గెలిచింది. మూడు గ్రాండ్ ఫైనళ్ళలోనూ ఉత్తమ ఆటగాడి పతకం మార్టిన్‌దే. అది న్యాయమే. కాచిన్ 2021 తరవాత కెప్టెన్సీ వదులుకుని, మరో రెండేళ్ళు ఆడి, 2023లో 306 ఆటలతో విరమించాడు. చివరి రెండేళ్ళలో అతని అంకెలు ఇంకా తగ్గాయి. అప్పుడు మాత్రం ఎవరూ గొణగలేదు.

మా ఆఫీసు పెద్దమనిషి ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమయింది. 2017 తరవాత ఒకసారి ఎదురైతే, "నేనెప్పుడూ అతని పక్షమే" అన్నాడు. నేనేమీ అనలేదు, ఆయన మెడలో పసుపు నలుపు మఫ్లరు కొత్తది. కానీ ఆయనను ఒకటి అడగాలని ఉంది. ఈ వారం పన్నెండు డిస్పోజళ్ళతో ఆట ముగించి, మర్నాడు అందరి నోళ్ళలో నానుతున్న ఏ కుర్ర మిడ్‌ఫీల్డర్ అయినా సరే, ఆ ఆట రికార్డింగు ఇద్దరం కూర్చుని, బంతిని వదిలేసి అతన్ని మాత్రమే చూస్తూ, నాలుగు పాదాలూ చూద్దామా అని.