లేని జ్వరం
ఫ్యాను హోరెత్తుతుంది, తెరపై ప్రాసెసరు ఉష్ణోగ్రత 70 డిగ్రీలని కనిపిస్తుంది. కంప్యూటరు కాలిపోతున్నదని యజమాని కలవరపడతాడు. ఆ ప్రాసెసరు 2017లో వెలువడిన ఏ.ఎం.డి. రైజెన్ 1700ఎక్స్ లేదా 1800ఎక్స్ అయితే, అసలు ఉష్ణోగ్రత 50 డిగ్రీలే కావచ్చును. వివిధ నమూనాలలో ఫ్యాన్లు ఒకే నియమాన తిరగాలని తయారీదారులే లెక్కకు 20 డిగ్రీలు చేర్చారు. అదే వరుసలోని 1700కు ఈ అదనం లేదు. అక్కడ 70 అంటే 70.

కనుక ముందుగా ప్రాసెసరు పేరు చూడాలి. ఉష్ణోగ్రత చూపే సాఫ్ట్‌వేరు ఆ అదనాన్ని తీసివేస్తున్నదో లేదో విచారించాలి. అంకె నిజమైతే దుమ్ము దులిపి, ప్రాసెసరుపై ఎండిన లేపనం మార్చాలి. కాకుంటే ఫ్యాను వేగం పెరిగే హద్దును పైకి జరిపితే చాలు. థర్మామీటరును పరీక్షించకుండా రోగికి మందు వేయరాదు.