హార్డ్ క్యాష్ అంటే నోట్లా, బిళ్లలా?



పత్తి వ్యాపారి దగ్గర క్రొత్తగా గుమాస్తాగా చేరిన తన కుమారుని సంగతి ఒక తల్లి మాకు వ్రాశారు. యజమాని చెక్కు ఇచ్చి, "బ్యాంకుకు వెళ్లి ఐదు వేలు హార్డ్ క్యాష్ పట్రా" అన్నాడట. హార్డ్ అంటే గట్టిది అని బడిలో నేర్చుకున్న ఆ పిల్లవాడు పది రూపాయల బిళ్లలు 500 సంచిలో మోసుకొచ్చాడు. దుకాణమంతా నవ్వింది. నాటి నుండి పనికి పోనంటున్నాడు. "మా వాడు చేసింది అంత తప్పా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, నేటి వాడుకను బట్టి పొరపాటే. హార్డ్ క్యాష్ అన్నా, కోల్డ్ క్యాష్ అన్నా అప్పటికప్పుడు చేతిలో పడే డబ్బు అని అర్థం. నోట్లయినా బిళ్లలయినా సరే. చెక్కు కాదు, అరువు కాదు, ఫోనులో పంపే సొమ్ము కాదు. "నేడు రొక్కం, రేపు అరువు" అని కొట్లలో వ్రాసిపెడతారే, ఆ రొక్కమే ఇది. అయితే ఇది మాటల్లో వాడుకునేది. బ్యాంకుకు అర్జీ వ్రాసేటప్పుడు క్యాష్ అంటే చాలును.

కాని మాట పుట్టుక చూస్తే మీ అబ్బాయిదే ఒప్పు! పూర్వం ఇంగ్లీషువారికి గట్టి డబ్బు అంటే బంగారు, వెండి నాణెములే. కాగితాన్ని వాటితో సమానంగా ఎంచేవారు కారు. దానికి కారణం లేకపోలేదు. 1775లో అమెరికా వలసలు బ్రిటనుతో యుద్ధానికి దిగినప్పుడు, ఖర్చుల కోసం వారి కాంగ్రెసు నోట్లు అచ్చు వేయించింది. వాటి వెనుక బంగారం గాని వెండి గాని లేదు. అచ్చు వేసిన కొద్దీ విలువ పడిపోయి, 1781 నాటికి అవి దాదాపు ఉత్త కాగితాలయ్యాయి. నోట్ల మీద నమ్మకం కుదిరిన తరువాతనే అవి కూడా గట్టి డబ్బులో చేరాయి.

మనం మాత్రం చూడలేదా? 2016 నవంబరు 8 రాత్రి ఒక్క ప్రకటనతో, పెట్టెలో దాచుకున్న ఐదు వందల, వెయ్యి రూపాయల నోట్లు చెల్లకుండా పోయాయి. మరునాడు సంతలో ఆదుకున్నవి వంద నోట్లు, చిన్న నోట్లు, చిల్లర బిళ్లలే.

బాబూ, రేపే పనికి వెళ్లు. తెలియని మాట వినబడితే "నోట్లు తేవాలా, బిళ్లలు తేవాలా అయ్యా?" అని అడుగు. అడగడం చిన్నతనం కాదు. పని చెప్పే పెద్దలకూ ఒక మనవి: "రొక్కం తే" అని తెలుగులో చెప్పి ఉంటే, ఆ బిడ్డ అంత బరువూ మోసేవాడు కాదు, అంత సిగ్గూ పడేవాడు కాదు.