తేల్ ఒక్కటే చాలదు, కర్వట్ మార్చాలి

మా కార్వాన్‌లో ఎవరింట్లోనైనా బుజుర్గులు మంచాన పడితే, చూడ్డానికొచ్చినవాళ్లు తలా ఒక నుస్ఖా చెప్తారు. జైతూన్ తేల్ రాయమని ఒకరు, కలోంజీ తేల్ అని ఇంకొకరు. నియ్యత్ మంచిదే. కానీ పడక పుండు తేల్ రాయకపోవడం వల్ల రాదు. ఒకేచోట ఒంటి బరువు పడి, అక్కడికి రక్తం అందక వస్తుంది.

జుమ్మా రోజు సూరహ్ కహఫ్ చదువుతాం కదా. గుహలో నిద్రపోయినవాళ్లను అల్లాహ్ కుడికీ ఎడమకీ తిప్పుతుండేవాడని 18వ ఆయత్‌లో ఉంది. మనకు సబఖ్ అక్కడే ఉంది.

మరీజ్‌కు రెండు గంటలకోసారి కర్వట్ మార్చండి. పిక్కల కింద తకియా పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. తడి బట్టలు వెంటనే తీసేయండి. జైతూన్ తేల్ పొడిబారిన చర్మానికి పలుచగా రాయొచ్చు, పుండు మీద మాత్రం వద్దు. ఎర్రబడ్డచోట మాలిష్ చేస్తే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే డాక్టర్‌కు చూపించండి.

ఇంకో మాట. రాత్రిళ్లు లేచే పని బహూ ఒక్కదాని మీదే వేయొద్దు. మా-బాప్ ఖిద్మత్ ముందు ఔలాద్ బాధ్యత. కొడుకులూ, అలారం పెట్టుకుని వంతులేసుకోండి. ఫజ్ర్‌కు లేవగలిగినవాళ్లం, అమ్మీకి కర్వట్ మార్చడానికి లేవలేమా?